శ్రోతల సభకు తొవ్వ యాడ?

2023, పత్తి ఏరే కాలం. అప్పటికి గద్వాలలో నేను మైక్ సెట్టు దుకాణం పెట్టి చాలా ఏళ్లయింది. పెళ్లి కానీ, ఓట్ల మీటింగు కానీ, ప్రార్థన సభ కానీ, మా వ్యాను వెళ్లాల్సిందే. ఈ పనిలో ఉన్న నాకు రెండు మాటలు వింటే ఒళ్లు మండుతుంది. ఒకటి ‘హలో హలో మైక్ టెస్టింగ్’, మైకు దొరికిన ప్రతివాడూ అంటాడు. రెండోది ‘ఇగ జరంత దూరమే’, మా పాలమూరులో దారి అడిగితే ప్రతివాడూ అంటాడు. ఆ జరంత దూరం ఎంతో దేవుడికి కూడా తెలియదు.

మా వీధి మార్కండేయ గద్వాల చీరలు నేస్తాడు. మగ్గం పక్కన రేడియో మోగకపోతే ఆయన చేతిలో దారం నడిపే నాడె కదలదు. ఆయనే ఒకరోజు వచ్చి, “అన్నా, మా రేడియో శ్రోతల సభ ఉన్నది. మైకు నువ్వే పెట్టాలె” అన్నాడు. ఒకప్పుడు రేడియోలో మాట్లాడిన ఒక అనౌన్సరమ్మకు అభిమాన సంఘమట, సభలో ఆమెకు సన్మానమట! సినిమావాళ్లకు అభిమానులుంటారు, నాయకులకుంటారు. కంటితో ఎన్నడూ చూడని మనిషికి అభిమానులేమిటని నేను నవ్వాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు దిక్కులవాళ్లకూ అందుబాటులో ఉంటుందని బిజినేపల్లి అవతల ఒక మామిడితోటలో సభ పెట్టుకున్నారు.

ఆ రోజు పొద్దున్నే వాళ్లంతా తోటకు వెళ్లిపోయారు. అనౌన్సరు సుభద్రమ్మ గారి రైలు ఆలస్యమైంది. ఆమెను సామానుతో పాటు నా వ్యానులోనే తీసుకురమ్మన్నారు. నేనేదో పెద్ద మనిషి దిగుతుందనుకుంటే, మధ్యాహ్నం దాటాక గద్వాల స్టేషనులో చేతిసంచీతో ఒక బక్కపలచని ముసలామె దిగింది. “నాయనా, మైకులవారు మీరేనా?” అన్న ఒక్క మాటకే నేను నిలువునా ఆగిపోయాను. గొంతు మాత్రం ముసలిది కాదు.

వనపర్తి దాటాక ఆమె నెమ్మదిగా అడిగింది. “నిజం చెప్పండి. అక్కడ జనం ఉంటారా?”

“ఎందుకుండరమ్మా? మీకు ఉత్తరాలు రాలేదా ఏంది?”

“వచ్చేవి. ప్రతిసారీ ఆ కొద్దిమందే రాసేవారు. గాజుగదిలో కూర్చుని, ఎర్రలైటు వెలగ్గానే మాట్లాడేదాన్ని. అవతల ఎవరైనా ఉన్నారో, గోడలతోనే మాట్లాడానో ఈ రోజుకీ నాకు తెలియదు. అది తెలుసుకుందామనే వస్తున్నాను.”

ఎట్లయినా పొద్దుండగానే చేర్చాలి. చీకటి పడితే నాగర్‌కర్నూల్ వైపువాళ్లు బస్సులకు లేచిపోతారు. ఈమెకు ఖాళీ కుర్చీలు చూపించాల్సి వస్తుందని నాకు భయం పట్టుకుంది.

ఫోను తీశాను. మార్కండేయ పంపిన లొకేషను ఆయన మగ్గం దగ్గరే చూపిస్తోంది. తోటకు వెళ్లకముందే, ఇంట్లో కూర్చుని పంపాడు మహానుభావుడు! ఫోను చేస్తే కలవలేదు. ఒక కూడలిలో మేకలు కాసే పెద్దాయన కనిపిస్తే వ్యాను ఆపాను.

“పెద్దాయనా, శ్రోతల సభకు తొవ్వ యాడ?”

ఆయన వ్యాను మీద గరాటు హారన్లు చూశాడు, నన్ను చూశాడు. “ఓ, గా సభనా! ఎడమ దిక్కు పో. ఇగ జరంత దూరమే.”

ఆ తర్వాత ఇద్దరిని అడిగితే ఇద్దరూ అదే దారి చూపించారు. ఇంత ధీమాగా చెబుతుంటే అనుమానం ఎందుకొస్తుంది? చివరికి ఒక చిన్న ఊళ్లో పందిరి ముందు ఆగాం. లోపల తెల్లచీరల ఆడవాళ్లు, డోలకు, పాట. ఒక పాస్టరయ్య ఎదురొచ్చి రెండు చేతులూ జోడించాడు. “వందనాలు! మేము మైకు చెప్పలేదు గదా?”

“శ్రోతల సభ ఇదే కాదా అయ్యా?”

ఆయన ఒక్క క్షణం ఆలోచించి పకపకా నవ్వాడు. “మీది శ్రోతల సభ, మాది స్తోత్రాల సభ! మైకు బండిని చూసి మా దగ్గరికే అనుకున్నరు మావోళ్లు.”

నాకు తల బాదుకోవాలనిపించింది. సుభద్రమ్మ గారు మాత్రం నవ్వి, వాళ్లిచ్చిన చాయ్ తాగింది. మామిడితోట గుట్టకు అవతల ఉందని, పొలాల నడుమ బండ్లబాట పడితే తొందరగా చేరతామని పాస్టరయ్య చెప్పాడు.

ఆ బాట మీద గుట్ట నెత్తికి చేరబోతుండగా, వెనక చక్రం నల్లరేగడి బురదలో దిగబడింది. ఎంత తోసినా కదల్లేదు. ఫోనులో సిగ్నలు లేదు. పొద్దు వాలుతోంది. కింద పత్తిచేలు తెల్లగా, మంచులో మునిగినట్టు కనిపిస్తున్నాయి. ఎక్కడినుంచో పొగవాసన వస్తోంది. ఎటు చూసినా ఒక్క మనిషి లేడు. అంత పరేషానులోనూ ఆ చోటు కలలో చూసినట్టుంది నాకు.

“పోనీండి నాయనా,” అందామె. “ఇది కూడా నా ఉద్యోగం లాగానే ఉంది. వెనక్కి వెళ్దాం.”

వెనక్కి వెళ్లడానికి మాత్రం చక్రం రావొద్దా! ఆ మాటకు నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. వ్యాను మీదకెక్కి రెండు హారన్లనూ గుట్ట అవతలికి తిప్పాను. పెళ్లిళ్లలో పెట్టే బాక్సుల మోత గట్టిదే గానీ దూరం పోదు. పాతకాలపు హారన్ గొంతును సన్నం చేసినా, ఊరు దాటించి విసురుతుంది. బ్యాటరీకి ఆంప్లిఫయర్ తగిలించి మైకు ఆమె చేతికిచ్చాను.

“మాట్లాడున్రి అమ్మా.”

“ఎవరితో?”

“ఎవరున్నరో తెల్వకుండనే గదా మీరు ఇన్నేండ్లు మాట్లాడింది!”

ఆమె నా వంక అదోలా చూసింది. కళ్లు మూసుకుంది. హలో అనలేదు, మైక్ టెస్టింగ్ అనలేదు. “శ్రోతలందరికీ నమస్కారం. కాస్త దగ్గరికి జరగండి” అంది. రోజూ కార్యక్రమం అలాగే మొదలుపెట్టేదట. ఆ గొంతు చేల మీదుగా తేలిపోయి, ఎదుటి గుట్టను తాకి మళ్లీ మెల్లగా వినిపించింది. దారి తప్పామని చెప్పింది. పొద్దు ఏ రంగులో ఉందో చెప్పింది. చుట్టూ పత్తి ఎట్లా విచ్చుకుందో చెప్పింది. నేను చక్రం సంగతి మరిచిపోయి అక్కడే కూర్చుండిపోయాను.

కాసేపటికి కింద పత్తిచేలోంచి ఒక తల లేచింది. తర్వాత ఇంకొకటి. నడుముకు ఒడి కట్టుకున్న కూలి ఆడవాళ్లు ఒక్కరొక్కరే గట్టెక్కి వచ్చారు. ముందున్నామె సుభద్రమ్మ గారి ముందు నిలబడి, ఆమెనూ మైకునూ మార్చి మార్చి చూసింది.

“నువ్వేనా అమ్మా?” అంది చివరికి. “పొద్దుగాల యాళ్ల రేడియోల చెప్తుంటివి గదా. నీ మాట ఇని పొయ్యి ముట్టిస్తుంటి. నా పెనిమిటి బొంబాయి పనికి పోతే, ఇంట్ల మొగగొంతు లేదు, పెద్దదిక్కు లేదు. నీ గొంతే ఉండె.”

సుభద్రమ్మ గారు మైకు కిందికి దించింది. “మరి ఒక్క ఉత్తరం ముక్కైనా రాయలేదేం తల్లీ?”

“నాకు రాయనీకి వస్తదా? నువ్వు దగ్గరికి జరగమంటివి, జరిగి కూసుంటుంటి. గంతే.”

సుభద్రమ్మ గారు ఆ కూలి మనిషి చేయి పట్టుకుని గబుక్కున మీదికి లాక్కుంది. చేతిలో మైకు హారన్ వైపు తిరిగి చెవులు చిల్లులు పడేలా కూసింది. నేను పరుగున వెళ్లి ఆపాను.

“ఏమిటది?”

“ఫీడ్‌బ్యాక్ అమ్మా. బయటికి పోయిన గొంతు తిరిగొచ్చి మళ్ల మైకుల పడితే గిట్ల ఒర్లుతది.”

ఆమె కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. “నా గొంతు తిరిగి రావడం ఇదే మొదటిసారి నాయనా.”

అంతలో గుట్ట అవతలినుంచి ట్రాక్టరు లైట్లు, బండ్ల లైట్లు ఊగుతూ వచ్చాయి. ముందు ట్రాక్టరు మీద మార్కండేయ, చేతిలో శాలువా. “గొంతు ఇని వచ్చినం అన్నా, తొవ్వ ఎవర్నీ అడగలే!” అని అరిచాడు. ఆ రోజు సభ ఆ బండ్లబాట మీదే జరిగింది. బస్సు కోసం ఎవరూ లేవలేదు.

ఎదురుగా కుర్చీల్లో కూర్చున్నవాళ్లే జనమని అంతదాకా నేననుకునేవాణ్ని. ఇప్పుడు ఏ సభకు వెళ్లినా, నిర్వాహకులు ఎంత మొత్తుకున్నా సరే, ఒక హారన్‌ను పొలాల దిక్కు తిప్పి పెడతాను. అటు ఎవరున్నారని అడుగుతారు. తెల్వదు అంటాను.