చెవి కింద వేలిగోరంత మచ్చ

తెనాలి పార్లర్‌లో నన్ను సీనియర్‌ని చేసిన ఏడాది, మాఘమాసం పెళ్ళిళ్ళలో మొదటిసారి ఒంటరిగా రేపల్లె వెళ్ళాను. మా పనిలో మూడు మెట్లుంటాయి. హెల్పరు తువ్వాళ్ళు ఉతికి, వ్యాక్స్ వేడిచేస్తుంది. జూనియరు కనుబొమలు, పైపెదవి దారంతో తీస్తుంది. పెళ్ళికూతురి ముఖం మాత్రం సీనియరే ముట్టుకోవాలి. ఆ రోజు ఒకే ముహూర్తానికి రెండు ఆర్డర్లు వచ్చాయి. పార్లర్ నడిపే మేడమ్ బాపట్ల వెళుతూ, "సామ్రాజ్యం, రేపల్లె నీదే. కంగారుపడకు," అన్నారు. కంగారు కాదు, సంబరం. రైల్లో మేకప్ సామాన్ల పెట్టె ఒళ్ళో పెట్టుకుని, రేపల్లె చేరేలోపు మూడుసార్లు మూత తీసి చూసుకున్నాను.

పెళ్ళికూతురి పేరు లావణ్య. బాపట్లలో ఒక బడిలో టీచరు. గడ్డం కింద, దవడల పక్కన నల్లటి వెంట్రుకలు బాగా ఉన్నాయి. అలాంటివి చాలామంది ఆడపిల్లలకి ఉంటాయి, హార్మోన్ల తేడా వల్ల వస్తాయి. సాయంత్రం నలుగు, మర్నాడు పొద్దున ముహూర్తం. ఈలోపు ముఖం నున్నగా కావాలి.

దారంతో ఒక్కో వరసా తీయాలంటే ముప్పావుగంట. వ్యాక్స్ అయితే పది నిమిషాలు. వెచ్చగా పూసి, గుడ్డపట్టీ అద్ది, వెంట్రుక పెరిగే దిక్కుకి ఎదురు ఒక్క లాగు లాగుతాం. అయితే దానికి ముందు మూడు ప్రశ్నలు అడగాలి. ముఖానికి ఏం రాస్తున్నారు? ఏం మందులు వాడుతున్నారు? ఇదివరకు దేనికైనా దద్దుర్లు వచ్చాయా? నేను చదవటం, రాయటం నేర్చుకున్నది నలభై దాటాక. అప్పటికే ఈ మూడూ నాకు కంఠస్థం.

గదిలో ఆరుగురు ఆడవాళ్ళున్నారు. అందరి ముందే గడగడా అడిగేశాను. లావణ్య నేలవైపు చూస్తూ, "ఏమీ లేదండి," అంది.

"దానికేం రోగం? బంగారంలాంటి పిల్ల," అని మేనత్త మంచం మీద సర్దుకుని కూర్చుంది. "నువ్వు కానీయమ్మా, నలుగుకి టైమైపోతోంది."

పద్ధతి ప్రకారం ముందు ఒక చిన్న చోట వేసి చూస్తాం. ఎడమ చెవి కింద వేలిగోరంత పూసి, పట్టీ లాగాను. వెంట్రుకలతోపాటు పైచర్మం వచ్చేసింది. కింద ఎర్రగా, తడిగా మెరుస్తోంది. లావణ్య పళ్ళు బిగించి నా మణికట్టు పట్టుకుంది.

చెయ్యి ఆపి, "అందరూ కాసేపు బయటికెళ్ళండి," అన్నాను.

"ఏంటి, ఏమైంది? పిల్ల ముఖం కాల్చేశావా?" అని మేనత్త లేచింది.

"కాల్చలేదండి. దయచేసి వెళ్ళండి."

తలుపు గడియ వేశాక అవే ప్రశ్నలు మళ్ళీ అడిగాను. లావణ్య బ్యాగులోంచి నలిగిన ట్యూబు తీసింది. మొటిమల కోసం డాక్టరు రాసిన క్రీము. మూడు నెలలుగా పడుకునేముందు రాస్తోందట.

"అప్పుడే చెప్పొచ్చుగా, తల్లీ!"

"మా అత్త ముందా ఆంటీ? పెళ్ళివారింటిదాకా వెళ్ళిపోతుంది ఆ మాట. పిల్లకి ముఖానికి మందులంట అని." కళ్ళు తుడుచుకుని, "పెళ్ళి ఫోటోల్లో ఈ గడ్డం మాత్రం కనపడొద్దు," అంది.

ట్యూబు మీద పేరు లావణ్య చేత చదివించుకుని, బాపట్లకి ఫోన్ చేశాను. ఆ రకం క్రీము రాసినవాళ్ళ చర్మం పలచబడుతుందని, లాగితే పొర ఊడి వస్తుందని మేడమ్ చెప్పారు. వ్యాక్స్ వద్దు, దారమూ వద్దు, చిన్న కత్తెరతో చర్మం దాకా కత్తిరించు, దెబ్బ తగిలిన చోట చల్లటి గుడ్డ వెయ్యి, ముఖానికి నలుగు తగలనీయకు అన్నారు.

కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఒక్కో వెంట్రుకా కత్తిరించాను. మేము చిన్నచూపు చూసే పద్ధతి అది. ఒక్కటీ లాగలేదు. గంట పట్టింది. అద్దం ఇస్తే లావణ్య దవడ ఇటూ అటూ తిప్పి చూసుకుని నవ్వేసింది. నాకు ఎగరాలనిపించింది.

ఇక నలుగు. పసుపూ, సున్నిపిండీ కలిపిన గిన్నెతో లావణ్య నాయనమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ముఖానికి వద్దన్నాను. మేనత్త విరుచుకుపడింది. "ముఖానికి లేకుండా నలుగేంటి? ఎక్కడైనా విన్నామా?"

నాయనమ్మ లావణ్య చెవి కింద ఎర్రటి మచ్చ వంగి చూసింది. "ఎవరికి పెళ్ళే, గిన్నెకా పిల్లకా? బుగ్గన చుక్కెట్టి, కాళ్ళకీ చేతులకీ రుద్దండి. నువ్వు నోరు మూసి పాటెత్తుకో," అంది. మేనత్త పాట ఎత్తుకుంది.

మర్నాడు ఆ మచ్చని జుంకాల కింద, జడ మల్లెల చాటున దాచాం. చర్మం ఊడిన చోట రంగు పూయలేదు. ఫోటోల్లో గడ్డం నున్నగా వచ్చింది. మచ్చ మానటానికి పది రోజులు పట్టిందని లావణ్యే ఫోన్‌లో చెప్పింది.

తప్పు నాదేనని మేడమ్‌కి ఒప్పుకున్నాను. ప్రశ్నలు మూడూ సరైనవే, అడిగిన చోటు తప్పు. బంధువుల మధ్య కూర్చున్న పెళ్ళికూతురు తన ముఖం గురించి నిజం చెప్పదు. ఆ తర్వాత పని మానేసేదాకా నేను ముందు గది ఖాళీ చేయించి, తలుపు వేసి, అప్పుడే పెట్టె తెరిచాను. నా కింద నేర్చుకున్న జూనియర్లకీ, దారం పట్టడం కంటే ముందు అదే నేర్పాను.