పూజలో పెట్టిన ఫ్లాపీ

ఆయుధపూజ నాడు పనిముట్టును ముట్టకూడదు. కత్తెరైనా, కుట్టుమిషనైనా, లారీ అయినా చందనం బొట్టు పెట్టించుకుని ఆ రోజుకు ఊరకే ఉండాల్సిందే. ఈ సంగతి రంజనికి తెలియక కాదు. ఏడాదంతా ఊపిరాడని కంప్యూటరు ఖాళీగా దొరికేది ఆ ఒక్కరోజే. అందుకే ముట్టుకుంది.

లెక్కల్లో డిగ్రీ చదివి అరవనాట పురసవాక్కంలోని ఒక తెలుగింటికి కోడలుగా వచ్చింది రంజని. కొన్నాళ్లు టైపు నేర్పింది, తర్వాత తనే డీటీపీ నేర్చుకుంది. భర్త శ్యామ్‌కు ఎన్నూరు కరెంటు స్టేషన్లో షిఫ్టుల ఉద్యోగం. అత్త అమ్మణి ముందుగదిలోని తన మంచం తీయించి కంప్యూటరుకు చోటిచ్చింది. చుట్టుపక్కల ప్రెస్సులకు తెలుగులోనూ అరవంలోనూ పెళ్లిపత్రికలు కూర్చి ఇవ్వడం రంజని పని. అయితే కంప్యూటరును నడిపే ఆ విండోస్ ఉన్నట్టుండి బిగుసుకుపోయేది. వరుడి పేరు కొట్టి వధువు పేరు దగ్గరికొచ్చేసరికి అంతా మాయం. ఒక కంప్యూటరు పత్రికతో పాటు, విండోస్‌కు బదులు వాడుకోదగ్గ లినక్స్ సీడీ వచ్చింది. అది అలా బిగుసుకుపోదనీ, ఎవరైనా లోపలంతా విప్పి చూసుకోవచ్చనీ, నకలు తీసి పదిమందికి పంచినా తప్పు లేదనీ చదివింది మొదలు ఆమెకు మనసు నిలవలేదు.

ఆ మధ్యాహ్నం శ్యామ్ డ్యూటీకి పోయాడు. అమ్మణి పక్కవీధిలో బొమ్మలకొలువు చూడ్డానికి పోయింది. రంజని తలుపు దగ్గరికి వేసి, మానిటరు మీది కుంకుమ చెదరకుండా వేలి కొసతో స్విచ్చి నొక్కింది.

కంప్యూటరులో ఉన్న డిస్కునే రెండుగా చీల్చి, ఒక భాగంలో విండోస్‌ను ఉండనిచ్చి, రెండో భాగంలో కొత్తదాన్ని పెట్టాలి. చీలుస్తుండగా కరెంటు పోతే రెండూ దక్కవని పత్రికలో రాశారు. అది చదివి కూడా మొదలుపెట్టింది. సగంలో ఉండగా ఉరిమింది. ట్యూబులైటు ఒకసారి వణికి నిలబడింది. రంజని తన ఊపిరి వల్ల కూడా ఏదో అయిపోతుందన్నట్టు కదలకుండా కూర్చుంది.

అంతా బాగానే ముగిసినట్టు కనిపించింది. సీడీ తీసి మళ్లీ స్టార్టు చేసింది. నల్లటి తెర మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి: ఎల్, ఐ. నాలుగక్షరాల మాట పూర్తిగా వచ్చి, విండోస్, లినక్స్‌లలో ఏది కావాలో ఎంచుకోమని అడగాలి. ఆ రెండింటి దగ్గరే ఆగిపోయింది. స్విచ్చి ఆపి, తిరిగి వేసింది. మళ్లీ అవే రెండు. విండోసూ లేదు, కొత్తదీ లేదు.

తెల్లారితే విజయదశమి. ప్రెస్సువాళ్లు మంచిరోజని పొద్దున్నే పెళ్లిపత్రికల కోసం వస్తారు. కూర్చినవన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి, ఇంకెక్కడా నకలు లేదు. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి. పూజలో ఉన్న మిషన్ని కోడలు ముట్టుకుంది, అది చచ్చింది. ఆ మాట ఒకసారి ఇంట్లో పుడితే ఆ గదిలోకి మళ్లీ కంప్యూటరు రాదు. తను వంటింటికి.

గబగబా కంప్యూటరు పత్రిక తిరగేసింది. చివరి పేజీలో ఉపాయం ఉంది. కనీసం పాతది తిరిగి లేవాలంటే విండోస్ స్టార్టప్ ఫ్లాపీ పెట్టి ఒకే ఒక్క వరుస ఆదేశం కొట్టాలి. ఫ్లాపీ కోసం సొరుగు లాగింది. ఖాళీ. పొద్దున తనే ఫ్లాపీల డబ్బాను కత్తెరతో, స్కేలుతో సహా సరస్వతి పటం ముందు పెట్టింది.

పూజగది గడప దాకా పోయింది. దీపం వెలుగుతోంది. డబ్బా మీద పసుపు, పూలు. చెయ్యి చాపింది కానీ ముందుకు సాగలేదు. అంతలో గేటు చప్పుడైంది.

అమ్మణి కొలువులో పంచిన సుండలు, అదే గుగ్గిళ్ల పొట్లంతో లోపలికొచ్చి కోడలి ముఖం చూసింది. "ఏమే, దెయ్యాన్ని చూసినదాని మాదిరి నిలబడుకోనుండావు?"

"అత్తా, ఆ డబ్బాలో ఒక ఫ్లాపీ కావాల."

"ఇప్పుడా? తెల్లారేదాకా తాకకూడదని తెలీదా?"

రంజని అబద్ధం కోసం వెతికింది. దొరకలేదు. "మిషను తాకినానత్తా. పోయింది."

అమ్మణి ముందుగదిలోకి పోయి తెర ముందు నిలబడింది. "సంవత్సరానికి ఒక్క దినం దానికి రెస్టు ఇయ్యమంటే నీకు చేతకాలేదే! పెండ్లోళ్ల పేర్లు?"

"అన్నీ దాంట్లోనే ఉండాయి."

"అయ్యయ్యో!" అంటూ అమ్మణి గోడకున్న డైలీ క్యాలెండరు ముందుకెళ్లింది. కళ్లు చికిలించి చూసింది, గడియారం చూసింది. "నవమి పోయి దశమి వచ్చేసింది. పొద్దున పూజ ముగించేది ఇప్పుడే చేస్తే సామి కొట్టడులే." కర్పూరం వెలిగించి, పూజ ముగిసిందన్న గుర్తుగా పటాన్ని కొంచెం ఉత్తరానికి జరిపి డబ్బా తీసింది. "ఇందా. సీక్రం కానీ."

ఫ్లాపీ రేకు మీద కుంకుమ. రంజని నోటితో ఊది, కొంగుతో తుడిచి లోపలికి తోసింది. డ్రైవు గరగరలాడింది. పత్రికలోని వరుసను అక్షరమక్షరం కొట్టింది. ఒక్కటి తప్పినా ఉన్నదంతా పోవచ్చు. కొట్టాక తెర ఏమీ చెప్పలేదు. అయిందనీ అనలేదు, కాలేదనీ అనలేదు.

"ఏమంటా ఉండాది?"

"ఏమీ అనలేదత్తా."

ఫ్లాపీ తీసి మళ్లీ స్టార్టు చేసింది. అత్తాకోడళ్లు ఇద్దరూ రెప్పవేయలేదు. నలుపు. ఇంకా నలుపు. ఆ తర్వాత విండోస్ ఆకాశం, మబ్బులు. ఫైలు తెరిచేదాకా రంజని నమ్మలేదు. వధువు పేరు, వరుడి పేరు, ముహూర్తం, అన్నీ ఉన్నాయి. కుర్చీలో కూలబడింది.

"ఆ కొత్తది పోయినట్టేనా?" అంది అమ్మణి.

"లేదత్తా. లోపలే ఉండాది. పైకి రావడంలా, అంతే."

"తీసి పారెయ్యి."

"తియ్యను."

ఆ మాట తన నోటినుంచే వచ్చిందని తెలిసి రంజని ఇంకోసారి భయపడింది. మధ్యాహ్నం నుంచి పడ్డ భయాలన్నిటికంటే ఇదే ఎక్కువగా తోచింది. తలెత్తి అత్త ముఖం చూడలేకపోయింది.

అమ్మణి పొట్లం తెచ్చి కోడలి ముందు పెట్టింది. "సెరి. మొదట ఆ పేర్లన్నీ వేరే ఫ్లాపీలో దాచిపెట్టు. ఆపైన నీ పాట్లు నువ్వు పడు. పాడుచేసేది మాత్రం నేను ఇంట్లో ఉండేప్పుడు చెయ్యి. ఒక్కదానివే కూచోని గుండె ఆగి చస్తే ఎవురికే నష్టం?"

రంజని డబ్బాలోంచి ఖాళీ ఫ్లాపీ తీసింది. రెండు ప్రయత్నాలు చేస్తేగాని అది లోపలికి పోలేదు.