చిలకమ్మ చేయించుకున్న జముకు

బెంగాలీల నడుమ ఉన్న రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో తెలుగు పెద్దవాళ్లు చిలకమ్మను ఇప్పటికీ జముకు గురువులు కూతురనే అంటారు. ఆమె తండ్రి గురువులు పగలంతా రైల్వే వర్క్‌షాపులో రైలు పెట్టెలకు బల్లచెక్కలు బిగించేవాడు. అమ్మోరి పండగ వచ్చిందంటే కాళ్లకు గజ్జెలు కట్టి, చంకలో జముకు ఇరికించుకుని కథ ఎత్తుకునేవాడు. ఒకవైపు తోలు మూసిన చెక్క గుల్ల అది. తోలు నడుమ కట్టిన నరాన్ని బిగబట్టి మీటితే కడుపులోంచి వచ్చినట్టు మోగేది. ఆయన ఒక చరణం చెబితే, చిన్నారి చిలకమ్మ వెనక నిలబడి వంత పాడేది.

ఓణీ వేసే ఈడు రాగానే తల్లి మాన్పించేసింది. తన వంతను వేరెవరి గొంతులోనో విన్న రోజు చిలకమ్మకు అన్నం సహించలేదు. గురువులు పోయినప్పుడు జముకును ఆయన చితి మీదే పెట్టారు. ఒక్కసారి ముట్టుకుంటానని అడగాలనుకుంది గానీ, అంతమంది మగవాళ్లను దాటి వెళ్లలేకపోయింది.

తర్వాత కాపురం, పిల్లలు, భర్త పోవడం. రైల్లో ఎవరైనా ఊరూరా తిరిగి పాడే బావుల్ గాయకుడు జముకులాంటి ఖమక్ మీటుతూ ఎక్కితే మాత్రం, దిగాల్సిన స్టేషన్ కూడా మరిచిపోయి వినేది. ఆ మోత జముకుకు దగ్గర దగ్గరగా ఉండేది. అదే మాత్రం కాదు.

మొన్న చలికాలంలో స్నేహితురాలు దోర్కాతో సుభాష్‌పల్లి వెళ్తుంటే ఒక వరండాలోంచి ఖమక్ మోత వినిపించింది. హరిపద అనే అతను మొద్దులు తొలిచి ఏక్‌తారాలు, ఖమక్‌లు చేస్తున్నాడు. పక్కన రంగులేసిన చెక్క గుడ్లగూబ బొమ్మలు ఆరుతున్నాయి. చిలకమ్మ చెప్పులు విప్పి లోపలికి నడిచింది.

"దాదా, ఇంతకంటే పెద్ద గుల్లతో ఒకటి చేసిపెట్టు. దీని గొంతు నవ్వుతోంది. మా నాన్నది నవ్వేది కాదు," అంది తనకొచ్చిన బెంగాలీలో.

"మరేం చేసేది, మాషీమా?" అన్నాడు హరిపద, పిన్నిని పిలిచినట్టు.

ఆమె ఖమక్ తోలు మీద వేలితో తట్టింది. "పిలిచేది."

మొదట చేసింది సన్నగా పలికింది. హరిపద విసుక్కోకుండా తోలు మార్చాడు, గుల్లను ఇంకా లోతుగా తొలిచాడు. ఆమె వెళ్లడం, కళ్లు మూసుకుని వినడం, తల అడ్డంగా ఊపి వచ్చేయడం.

"ఏటే సిలకా, నీకీ పిచ్చి? మీ అయ్య పోయి ఎన్నేళ్లయినాదే!" అంది దోర్కా.

"నానెరగనా? ఆ మోత ఒక్కపాలి ఇంటే సాలే నాకు."

ఎండలు ముదిరే వేళకు, ఒకనాడు హరిపద మీటగానే ఆమె వెన్ను నిటారైంది. జముకును లాక్కున్నట్టే తీసుకుని చంకలో ఇరికించుకుంది. మీటింది. తనకు తెలియకుండానే గొంతు లేచింది.

"ఔనే మాయమ్మా, ఔనే మాతల్లీ..."

అక్కడ ఆగి, అలవాటుగా ముందుకు చూసింది.

"తరవాతేటైనాదే?" దోర్కా అడిగింది.

"తరవాతది అయ్య సెప్పాల. నాకు వంతే వొచ్చును దోర్కా. కత రాదు."

హరిపదకు తెలుగు రాదు. అయినా మళ్లీ అందుకున్న ఉలిని కింద పెట్టేశాడు.

ఆ కథ తెలిసినవాళ్ల కోసం చిలకమ్మ సందు సందూ తిరిగింది. ఎవరూ మిగల్లేదు. ఇప్పుడు సాయంత్రాలు గుమ్మంలో కూర్చుని, తండ్రి చరణం చెప్పేంతసేపు ఊరికే జముకు మీటి, ఆ పైన వంత అందుకుంటుంది. ప్రార్థన కూటం నుంచి వచ్చే దోర్కా పక్కనే కూర్చుని, ఆ చరణం అయ్యేదాకా నోరు మెదపదు.