పిల్లని కట్టబోతే నన్నూ కట్టేసింది

ఇవాళ ఏలూరు నుంచి బెజవాడ వస్తుంటే, కారు ముందు సీట్లో నా పక్కన మా రెండేళ్ళ మనవరాలు చిట్టి నిలబడే ఉంది. గేదె అడ్డొచ్చి డ్రైవరు బ్రేకు వేశాడు. ముందుకి పడబోయిన పిల్లని గౌను పట్టుకుని ఆపాను. వెంటనే సంచిలోని నా పంచెతో సీటుకి కట్టబోతే ఒకటే ఏడుపు.

"తాతనీ కట్టు!"

వెనక కూర్చున్న మా ఆవిడ సంబరంగా ఇద్దర్నీ కలిపి, సీటు వెనక ముడేసింది. చిట్టి హాయిగా నిద్రపోయింది.

హనుమాన్ జంక్షన్‌లో టీకి ఆగాం.

"ముడి విప్పవే."

"పిల్ల లేస్తుందండీ! ముప్పై ఏళ్ళకి ఒక్కచోట కుదురుగా కూర్చున్నారు" అంటూ నా టీ కూడా తనే తాగేసింది.

మీరు పిల్లల్ని ఎలా కూర్చోబెడుతున్నారో చెప్పండి. ముడి మాత్రం ఇంటావిడ చేతికివ్వకండి.