ప్లాస్టర్‌లో పెట్టించిన చేతులు

ఇరవై ఏళ్ళకు పైగా ఒక మాటను మోస్తున్నాను. చిన్న మాటే. ఒక్కసారి అన్నాను, అందరూ నమ్మారు, మళ్ళీ చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు. పాతబడే కొద్దీ తేలికవుతుందనుకున్నాను. కాలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే దాచకుండా రాయగలుగుతున్నానేమో.

నేను హిందూపురంలో బొమ్మలు నేర్పే మాస్టారిని. పోయిన నెల మా విద్యార్థులు ప్రదర్శన కోసం కొత్త రకం పని ఒకటి మొదలుపెట్టారు. ధర్మవరం నుంచి మూలనపడ్డ మగ్గాన్ని తెచ్చి హాలులో నిలబెడతారు. నేసే మనిషి కూర్చునే చోట స్పీకరు ఉంటుంది. దగ్గరికి వెళ్తే, నేత మానేసినవాళ్ళు ఎందుకు మానేశారో వాళ్ళ గొంతులతోనే చెబుతారు. మంచి ఆలోచన. మెచ్చుకున్నాను కూడా.

సుమ అనే అమ్మాయి తను రికార్డు చేసిన గొంతులు నాకు ఫోనులో వినిపించింది. మోకాళ్ళు పోయాయని ఒకాయన, పవర్‌లూముల ముందు నిలవలేకపోయామని ఇంకొకాయన. తర్వాత ఒక ఆడమనిషి.

"నా చేతులు పోయినాయి లేమ్మా. బొమ్మలు చేసే పిల్లోళ్ళు వచ్చి, తెల్లపిండి కలిపిన బకెట్లో చేతులు పెట్టమన్న్యారు. కాలతాంటే తీసేయక్కా, తీసేయక్కా అని వాళ్ళలో ఒకబ్బి మొత్తుకున్న్యాడు. నేనే ఇనలేదు. నా చేతుల బొమ్మ అందరూ చూస్తారని ఆశ. నా బుద్ధికి నేనే పోగొట్టుకుంటి."

"చివర్లో ఈమెను పెడదాం సార్," అంది సుమ. "ఎవరినీ ఒక్క మాట అనదు చూడండి."

మళ్ళీ పెట్టమన్నాను. మళ్ళీ. ఆ మాట నాది. నేను అల్లింది. ఆమె నోట్లోంచి వస్తోంది. అంటే ఆమె కూడా నమ్మిందా? ఇన్నేళ్ళూ ఆమెకు నిజం తెలుసనీ, నన్ను తిట్టుకుంటూ ఉంటుందనీ అనుకున్నాను. ఆ తిట్లలో నాకు కొంత శిక్ష పడుతోందనుకున్నాను. అదీ లేదు.

"ఈమె గొంతు వద్దు," అన్నాను. ఎందుకని అడిగింది సుమ. సుమా, ఇది చదివితే నీకు తెలుస్తుంది.

ఆమె పేరు సరోజ. బొమ్మల కాలేజీలో నాతో చదివిన ఓబులేసుకు అక్క. మాది పెనుకొండ, వాళ్ళది ధర్మవరంలో నేత ఇల్లు. చివరి సంవత్సరం మేమిద్దరం కలిసి ఒక బొమ్మ చేయాలనుకున్నాం. పట్టుచీర కట్టుకున్నవాళ్ళ ఫోటోలు ఇళ్ళనిండా ఉంటాయి, నేసిన చేతులను ఎవరూ చూడరు. ఆ చేతులను అచ్చు తీసి, తెల్లటి చేతులు చేసి, వాటి మీద చీర వేలాడదీద్దామన్నాను. ఆలోచన నాదే. చేతులు సరోజక్కవి. మాతో మాట్లాడుతూనే, కిందికి చూడకుండా, తెగిన పోగును అతికేసే చేతులు.

"చేతులు చాలునా అబ్బా? మొగం వద్దా? నా మొగం బాగలేదా?" అని ఆటపట్టించింది.

అచ్చు తీసే ఆ తెల్లపిండి, ప్లాస్టర్, గట్టిపడేటప్పుడు వేడి పుడుతుందనీ, ఒంటి మీద మందంగా పోయకూడదనీ, పలచగా కొంచెం కొంచెంగా పూయాలనీ మా మాస్టారు చెప్పారు. విన్నాను. కానీ అలా చేస్తే మధ్యాహ్నమంతా పడుతుంది. నాకు పెనుకొండ బస్సు తొందర. గోరువెచ్చని నీళ్ళలో చిక్కగా కలిపాను. త్వరగా బిగుసుకోవాలని ఉప్పు వేశాను. మణికట్టు దాకా రెండు చేతులూ బకెట్లో పెట్టించాను. ఓబులేసు కెమెరా అడిగి తెస్తానని బయటికి వెళ్ళాడు.

"ఏమబ్బా, ఉడుకు పుడతాండాది."

"అట్లే ఉంటాదిలే అక్కా. కదిలించొద్దు."

"కాలతాండాది అబ్బా!"

"ఇంకొంచేపు అక్కా. ఇప్పుడు లాగితే అంతా పాడైపోతాది. దినమంతా మగ్గంలో కూర్చుంటావు, ఈ మాత్రం ఓర్చుకోలేవా?"

నవ్వింది. పళ్ళు బిగించి కళ్ళు మూసుకుంది. అప్పటికి ప్లాస్టర్ ఇంకా మెత్తగానే ఉంది. లాగితే చేతులు వచ్చేవి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ, ఆ చేతులను కాకుండా అచ్చును చూసుకున్నాను.

తర్వాత ఆమె అరిచింది. అప్పటికి రాయైపోయింది. ఓబులేసు పరిగెత్తుకొచ్చాడు. రోకలితో బకెట్టునీ ప్లాస్టర్‌నీ పగలగొట్టాం. ఆ చేతులు ఎలా ఉన్నాయో రాయను.

"ఏం చేసినావురా?" అని వాడు నా చొక్కా పట్టుకున్నాడు.

"తీసేయమని నేను మొత్తుకున్నాను రా. అక్కే ఇనలేదు."

ఆలోచించకుండానే వచ్చేసింది. కొడతాడని భయం. సరే, ఆ క్షణానికి భయం. మరుసటి రోజు? ఆ తర్వాతి ఏడు? దానికేమని పేరు పెట్టాలి?

ఆసుపత్రిలో సరోజక్క ఒకసారి, "ఉంచమన్న్యాడే, ఓర్చుకోమన్న్యాడు గదా," అంది. "నొప్పిలో నీకేం తెలుసు, ఊరికే ఉండు," అని వాళ్ళమ్మ కసిరింది. నేను మంచం పక్కనే ఉన్నాను. నేల చూశాను. ఆమె ఇక ఆ మాట ఎత్తలేదు. అందరూ నా వైపు చెబుతుంటే, తన జ్ఞాపకాన్నే అనుమానించడం ఆమె అక్కడే మొదలుపెట్టి ఉంటుంది.

ఇంకొకటి ఉంది. పగిలిన ప్లాస్టర్ ముక్కలను నేను ఏరుకున్నాను. లోపల అంటుకున్న చర్మాన్ని కడిగేశాను. ముక్కలు అతికించి, కొత్త ప్లాస్టర్ పోసి, చేతులు చేశాను. ప్రదర్శనలో అరిచేతి గీతలు కూడా కనిపించాయి. చూసినవాళ్ళు దగ్గరికి వంగి వాటిని లెక్కపెట్టారు. మాస్టారు భుజం తట్టారు. ఓబులేసు నా పక్కనే ఉన్నాడు. అక్క తప్పుకు నా పని ఆగకూడదన్నాడు. ఆమె వేళ్ళు వంకరగానే మానాయి. పోగు పట్టలేదు ఇక.

సుమ ఫోనులో ఆ గొంతు విన్న మర్నాడు ధర్మవరం బస్సెక్కాను. ఓబులేసుకు ఇప్పుడు ఇంటి కింద చీరల అంగడి ఉంది, పైన అక్కతో ఉంటాడు. వాడికి కనబడకుండా పక్క మెట్ల మీదుగా పైకి వెళ్ళాను. సరోజక్క గుర్తుపట్టింది. చెప్పాను. మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. తన వేళ్ళను చూసుకుంది.

"మాయమ్మ సచ్చేదాకా నన్నే తిట్టింది, తెలుసునా?" అంది. తర్వాత, "నాకెందుకు చెప్తాండావు? నమ్మినోళ్ళకు చెప్పు." కిటికీ దగ్గరికి వెళ్ళి కేకేసింది. "ఓబులేసూ, పైకి రా!"

వాడు నన్ను చూసి ముఖమంతా నవ్వాడు. "ఏమప్పా, ఎన్నాళ్ళకు! ఉండు, టీ చెప్తా."

టీ వద్దన్నాను. నిలబడే చెప్పాను. తీసేయమని నేను అనలేదురా. ఉంచమన్నాను.

వాడు నా వైపు చూడలేదు. అక్క చేతుల వైపు చూశాడు. ఆమె వాటిని కొంగు కింద దాచుకోలేదు. నేను బయటికి వచ్చేశాను. మెట్లు దిగుతుంటే ఊపిరి సాఫీగా ఆడింది. ఆ సుఖానికి సిగ్గేసింది. అయినా ఆడింది.