శుక్రవారం దాకా కోయని జుకినీ

ఆ శుక్రవారం ఉదయం దీపం పెట్టి, స్టవ్ మీద పాలు పెట్టాను. ఉప్మాకు ఉల్లిపాయలు తరుగుతుండగా నిమ్మనపల్లె నుంచి మా తమ్ముడు రవి, మరదలు లక్ష్మి వ్యానులో గోతాలు వేసుకుని మదనపల్లెలోని మా ఇంటికి వచ్చారు. రవి తొలిసారి అర ఎకరంలో జుకినీ పెట్టాడు, చూడ్డానికి కీరాలా ఉండే విదేశీ కూరగాయ. మా ఇళ్ళలో తొలి కాపు శుక్రవారం దేవుడికి పెట్టాకే అమ్ముతాం. అందుకని లక్ష్మి మంగళవారం నుంచి కోయనివ్వలేదు. సొరకాయలా నాలుగు రోజులు ఆగుతుందనుకున్నాం. జానెడు ఉండాల్సిన కాయలు మూరెడు అయ్యాయి. తెల్లారే దేవుడికి పెట్టి తీసుకెళ్తే మదనపల్లె వ్యాపారి, లేతవైతేనే తీసుకుంటానని తిప్పి పంపాడు.

"ఇవి పోకపోతే రేపే తోట దున్నేస్తానక్కా," అన్నాడు రవి. లక్ష్మి తల దించుకుంది. స్టవ్ ఆపేసి, దేవుడికి దండం పెట్టుకుని, పుంగనూరు సంతలో అమ్మి చూద్దామని నేనూ వ్యాను ఎక్కాను.

పుంగనూరు గంట ప్రయాణం. బస్సులు తరచుగా ఉంటాయి. మాకు గోతాలున్నాయి కాబట్టి మూడు వేలకు వ్యాను బాడుగ. అక్కడి సంతలో ఒకరు ఇంగ్లీషు దోసకాయ అన్నారు, ఒకరు కీరా అన్నారు. కొన్నవాళ్ళు లేరు.

"పేరు ఏదైతే ఏమప్పా, రుచి చూడు," అన్నాను ఒక కొట్టతనితో.

"ఎట్ల వండాల్నో తెలీకుండా ఎవురు కొంటారమ్మా?"

డ్రైవరు బసప్ప అప్పుడు నోరు విప్పాడు. "కుప్పంలో మా వదిన పెండ్లి వంటలు సేస్తాది. ఆడికి పోదామమ్మా."

పలమనేరు, వి.కోట మీదుగా రెండున్నర గంటలు పట్టింది.

బసప్ప వదిన మునెమ్మ ఒక కాయ కోసింది. గింజలు తీసేసి, కందిపప్పు, కొబ్బరి వేసి కూటు చేసింది. "మేం సీమ సొరకాయ అంటాం. యాల మొగాలు అట్ల పెట్టుకోనుండారు?"

"ముదిరిపోయినాయి కదక్కా," అంది లక్ష్మి.

"రేపటి పెండ్లికొడుక్కి నలభై ఏండ్లు. వాడినే ఒప్పుకున్నారు, కాయదేముండాది?"

లక్ష్మి ఆ రోజు మొదటిసారి నవ్వింది. రేపటి పెండ్లి వంటకని మునెమ్మ వెల కట్టి గోతాలన్నీ దించుకుంది. రవి తిన్న విస్తరి ముందే కాసేపు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

దేవుడు మనల్ని తొందరపెట్టడు, కాయ మాత్రం మన కోసం ఆగదు. ఈ దారిన వెళ్ళి జుకినీ కొంటే గోరు గుచ్చి చూడండి. దిగితే తొక్కతోనే వండండి, దిగకపోతే గింజ తీసి కూటు చేయండి.

సాయంత్రం మదనపల్లె చేరాక అందరం కూర్చుని అనుకున్నాం: తోట దున్నం. రోజూ కోస్తాం. తొలి కాయ ఏ రోజు చేతికొస్తే ఆ రోజే దేవుడికి.