అంగడికి నీడ అడిగిన సుబ్బరాజు

ఇబ్రహీంపట్నంలో ఇనుము, రేకులు అమ్మే సుబ్బరాజుది భీమవరం వైపు నుంచి వచ్చి హయత్‌నగర్‌లో స్థిరపడ్డ కుటుంబం. రోజూ కొట్టుకు వచ్చే బస్సులో, కిటికీ పక్కన, కళ్లు తెరుచుకునే కలలు కంటాడు. కొంతకాలంగా వస్తున్న కల ఒక్కటే. వారం వారం సాగే కూరగాయల అంగడి మీద నీలం రేకుల కప్పు. ఎండలో కూరలతో పాటు వాడిపోయే ఆడవాళ్లందరూ దాని కింద, చెరువు అడుగున కూర్చున్నంత చల్లగా ఉంటారు. టమాటాలు నీళ్లలో వెలిగించిన దీపాల్లా ఉంటాయి.

ఆ ఏడు వర్తక సంఘం ఊరికి మేలు చేసి తీరాలని తీర్మానించింది. అధ్యక్షుడు మహిధర్ లెక్కలో మేలంటే స్వాగత తోరణం. దాని మీద సభ్యుల పేర్లు, అధ్యక్షుడిది కాస్త పెద్దగా. సుబ్బరాజు లేచి, అంగడికి కప్పు వేయిద్దామన్నాడు. కొంగరకలాన్‌లో ఫ్యాక్టరీ వచ్చి పొలాలన్నీ ప్లాట్లవుతుంటే రేపు కూరలు పండించేదెవరు, కప్పు ఎవరికి అని మహిధర్ అడిగాడు. అలా ఈ ప్రాంత ఆర్థిక స్థితిగతుల అధ్యయనం అవసరమైంది. సభలో నోరు తెరిచినవాడు గనుక ఆ భారం సుబ్బరాజు మీదే పడింది.

ఆయన ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కందుకూరు వైపు ఊళ్లు తిరిగాడు. భూమి ఎంతుంది, సేద్యం సాగిస్తారా అని అడిగాడు. ఎవరినడిగినా మానేస్తున్నామనే చెప్పారు. సయీదా బేగం అనే రైతు అయితే బెండకాయలు కోస్తూనే, వచ్చే పంటకు ఇక్కడ మొక్క కూడా ఉండదని చెప్పింది. తిరుగు బస్సులో సుబ్బరాజు కలలోని రేకులు ఒక్కొక్కటే గాలిపటాల్లా ఎగిరిపోయాయి.

అంగడి రోజు పాత చొక్కాతో, చేతిసంచీతో కూరలకు వెళ్లాడు. కొంగు నెత్తిన కప్పుకుని ఎండలో కూర్చున్న సయీదా బేగం, మళ్లీ బెండ విత్తినట్టు పక్కామెకు చెబుతోంది.

“మానేస్తున్నామన్నారు కదమ్మా?” అన్నాడు సుబ్బరాజు.

ఆమె ఎగాదిగా చూసి నవ్వింది. “గా తెల్లంగి నువ్వేనా అన్నా? ప్లాట్ల బ్రోకర్‌వనుకున్న.”

“బ్రోకరైతే అలా చెబుతారా?”

“సేద్యం మీద పాణమున్నదని చెప్తే పొలం రేటే కడ్తరు, మానేస్తున్నమంటే ప్లాట్ల రేటు కడ్తరు. అమ్మినా అమ్మకున్నా భూమికి ఇజ్జత్ ఉండాలె గద. తెల్లంగి కనవడితే మా ఊర్ల అందరం గట్లనే చెప్తం.”

ఒక ప్రాంతపు ఆర్థిక శాస్త్రమంతా ఒక్క చొక్కా వల్ల కూలిపోవడం సుబ్బరాజు నిలబడి చూశాడు. ఆమె మాత్రం ఆయన్ని జర ఇటు జరగమంది, ఆయన నీడ కొత్తిమీర మీద పడేటట్టు. ఆయన జరిగాడు. అక్కడి నుంచే అటూ ఇటూ ఉన్నవాళ్లనూ అడిగాడు. నీడ ఇస్తున్నవాడికి అబద్ధం చెప్పాలని ఎవరికీ తోచలేదు. అందరూ ఈసారీ కూరలే పెట్టారట.

తన మొదటి అధ్యయనం తప్పని, ఆ తప్పు తన చొక్కాదని ఆయన సంఘానికి విన్నవించాడు. తెల్లచొక్కాల సభ్యులు ఒకరినొకరు చూసుకున్నారు. మహిధర్ నమ్మలేదు. నమ్మనక్కర్లేదని, వచ్చే వారం అంగడికి మిట్టమధ్యాహ్నం వచ్చి తలా ఒక గంప పక్కన నిలబడితే చాలని సుబ్బరాజు కోరాడు.

వచ్చారు. గాలి ఆగింది. ఎండలో అంగడి అంతా నీళ్ల మీద బొమ్మలా కదులుతోంది. అధ్యక్షుడి నీడ ఒక పాలకూర గంపకు కూడా చాలలేదు. ఆయన మెడ తుడుచుకుంటూ కాసేపు ఆకాశం చూశాడు.

“రాజన్నా, తోరణం తర్వాత జూద్దాం. రేకులు తెప్పియ్,” అన్నాడు.

తీర్మానం గంపల మధ్యనే, ఏకగ్రీవంగా, నిలుచునే జరిగింది.